పదకొండు కేజీల పట్టు

నేను ఒక పట్టు కొలిచే యంత్రాన్ని. పట్టు అనగానే చీరల కొట్టు గుర్తొచ్చిన అక్కయ్యలు మన్నించాలి, నాది పిడికిలి పట్టు. ఏదో ఫ్యాక్టరీలో ఒక స్ప్రింగు, ఒక ముల్లు, రెండు పిడులుగా పుట్టాను. వ్యాయామశాలలో కండలవీరుల చేతుల్లో కొన్నాళ్లు నలిగి, చివరికి విజయనగరంలో ఒక ఆసుపత్రికి చేరాను.

అక్కడ పక్షవాతం వచ్చినవాళ్లకి మెదడు నాళంలో ఇరుక్కున్న రక్తపు గడ్డను సన్నటి తీగతో లాగేస్తారు. గడ్డ పోయినా వాపు మిగులుతుంది. ఆ వాపు తగ్గించే మందిస్తే మనిషి బాగా కోలుకుంటాడా అని ఒక పరీక్ష మొదలెట్టారు. సగంమందికి మందు, సగంమందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది పడిందో డాక్టరుకీ తెలియదు. మందుది గుట్టు, నాది పట్టు.

ఆ పరీక్షలో చేరిన తాపీమేస్త్రీ అప్పలనరసయ్య పడిపోయిన కుడిచేతిలో నన్ను మొదటిసారి పెట్టినప్పుడు నా ముల్లు సున్నా దగ్గరే కునుకు తీసింది. తొంభయ్యోరోజున భార్య సన్యాసమ్మతో మళ్లీ వచ్చాడు. "నొక్కండి మేస్త్రీగారూ" అంది నర్సు ప్రమీల. ముల్లు ఒక్క గెంతున ముప్పయ్యొకటికి ఎగిరింది! తీరా చూస్తే చీరకొంగు చాటున, అతని పిడికిలి మీద ఇంకో పిడికిలి. సన్యాసమ్మది, ఇటుకలు మోసిన చేయి మరి! పట్టు చూపించబోయి పట్టుబడింది.

"ఏటమ్మా, ఈ నొక్కుడెవరిది?"

"ఆయన్దే తల్లీ! మార్కులు తగ్గితే పేరు కొట్టేత్తారు, కసరత్తు ఆపేత్తారు గదేటి. తాపీ అట్టుకోకపోతే ఈ మడిసి బతకడు."

ప్రమీల నవ్వాపుకుంది. "అంతా తిరగేశావు. ముప్పయ్యొకటి రాస్తే బాగైపోయాడని కసరత్తు ఆపేస్తారు. పైగా మందు పనిచెయ్యకపోయినా పనిచేసిందనుకుని రేపొచ్చేవాళ్లందరికీ పొడుస్తాం."

సన్యాసమ్మ చేయి చురుక్కుమన్నట్టు వెనక్కి వెళ్లింది.

"ఒలే, దూరంగా నిల్చో. నా సెయ్యేదో నన్నే సూసుకోనీ" అన్నాడు మేస్త్రీ.

నొక్కాడు. దవడ బిగిసింది, మెడనరం లేచింది. మూడు... ఏడు... అక్కడ మొరాయించాను. నాకు జాలి ఉంది గాని నా స్ప్రింగుకు లేదు. చివరికి పదకొండు.

"తాపీకి సాల్తాదా అమ్మా?"

"ఇంకా చాలదు. కసరత్తు సాగాల్సిందే" అంటూ ప్రమీల ఉన్నదున్నట్టు రాసింది.

ఆ పదకొండు మందు చలవో, మొండితనమో నాకూ తెలియదు. మేస్త్రీ నన్ను బల్లమీద పెట్టి, లేవడానికి ఆ కుడిచేత్తోనే భార్య మణికట్టు పట్టుకున్నాడు. లేచాక ఆవిడ విదిలించుకోబోయింది. ఊడి రాలేదు.

"ఒదులు మావా, అందరూ సూత్తన్నారు!"

"ఒదల్ను. పదకొండు కేజీలు."