రెండు దగ్గులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాడు. ఇప్పుడు ఆయన ముక్కు చేయాల్సిన పని కూడా నా ముక్కు మీదే పడింది. పదకొండు నెలలుగా ఆయనకు వాసన తెలియడం లేదు. నిన్నటిదాకా ఈ సంగతి నాకూ డాక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఏదో జ్వరం వచ్చి వారంలో తగ్గింది. పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే పక్కనే కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్న మనిషిని చూసి నాకు అనుమానం వచ్చింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆపాటి నేనూ చెప్పగలను.

వేరే పని చేసుకునేవాడైతే ఎలాగో నెట్టుకొచ్చేవాడు. మా ఆయన పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్ళు దాటిన బళ్ళు. కొన్నవాళ్ళు ఊరికే ఉండక వాటికి పెద్ద టర్బోలు, పెద్ద ఇంజెక్టర్లు తగిలిస్తారు. ఆ తర్వాత గట్టిగా తొక్కితే వెక్కుతోందని మోసుకొస్తారు. ఇంజెక్టర్లకు పెట్రోలు ఎంత ప్రెషర్‌తో అందాలో సరిచేసి పంపడం ఈయన పని. గేజీ సగమే చెబుతుంది, మిగతా సగం సైలెన్సర్ దగ్గర ముక్కు చెబుతుంది అనేవాడు. ఎక్కడైనా పెట్రోలు కారితే కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది. ఆ ముక్కు పోయిందని బయటపడితే షెడ్డు గడప ఎవరు తొక్కుతారని ఆయన భయం. అందుకే ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే నేను రిటైరయ్యాను. ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని. మధ్యాహ్నం భోజనం చేసి, ఫ్యాను కింద ఒక గంట నిద్రపోవాలన్నది నాకు మిగిలిన ఒకే ఒక్క కోరిక. “ఒక్క వారం షెడ్డుకొచ్చి కూర్చోవోయ్” అన్నాడు. ఏకై వచ్చిన ఆ వారం మేకై కూర్చుంది.

నేను కారులో కూర్చుని ఆయన చెప్పినంత ఆక్సిలరేటర్ తొక్కాలి. అద్దం దించి ఉంచాలి. ఒక దగ్గు దగ్గితే పెట్రోలు ఎక్కువైందని అర్థం, రెండు దగ్గితే ఎక్కడో కారుతోందని. కార్ల యజమానులు నన్ను చూసి జాలిపడేవాళ్ళు. ఒకాయన తేనె సీసా తెచ్చిచ్చాడు. ఇంకొకాయన ఎక్స్‌రే తీయించుకోమన్నాడు. దగ్గు అబద్ధమే కానీ, ఆ పొగ పీల్చీ పీల్చీ సాయంత్రానికి తల రెండు చెక్కలయ్యేది మాత్రం అబద్ధం కాదు. ఈయన నిజం ఒప్పుకున్న రోజు నాకు విడుదల అనుకుంటూ రోజులు లెక్కపెట్టుకున్నాను.

నిన్న మధ్యాహ్నం మా తమ్ముడు ఎర్ర కారు వేసుకుని వచ్చాడు. వాడు పళ్ళ డాక్టరు. ఊళ్ళో వాళ్ళ పళ్ళన్నీ పీకి కూడబెట్టింది ఆ కారుకే పెట్టాడు. ఆదివారం కొండ దారిలో పందెం ఉందట. ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు కొట్టుకుంటోందని వాడి బాధ. కార్ల విషయంలో వాడికి బావ మాటే వేదం.

“ఇంజెక్టర్లు పెద్దవి పెట్టావు, ప్రెషర్ మాత్రం పాతదే ఉంచావు. ఆకలికి అరిచి చావదా మరి?” అన్నాడు మా ఆయన. ప్రెషర్‌ను అదుపుచేసే రెగ్యులేటర్‌కు ఉన్న సన్నటి గాలి ట్యూబు ఊడదీసి, గాలి చొరకుండా ట్యూబు మూతికి ఒక స్క్రూ బిగించాడు. ఆ ట్యూబు ఉండగా ప్రెషర్ చూస్తే గేజీ తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి ప్రెషర్ పెంచినవాడు ఇంజిన్‌ని పెట్రోల్లో ముంచుతాడు. ఇది నాకు పదకొండు నెలల్లో పట్టుబడిన విద్య. నాకెందుకు పనికొస్తుందో గానీ.

నేను అలవాటుగా వెళ్ళి సీట్లో కూర్చోబోతే తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“నా కారు, నేను తొక్కుతా. నువ్వెళ్ళి కాస్త టీ పెట్టు, అక్కా.”

మా ఆయన నా వైపు చూశాడు. ఏదో సాకు చెప్పి అక్కడే ఉండమని ఆ చూపు. నేను చూడనట్టే లోపలికి వెళ్ళిపోయాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే వెళ్ళాను.

షెడ్డు వెనక గదిలో టీకి నీళ్ళు పెడదామని పోయి, ఒక్క నిమిషం కదా అని ముందు కుర్చీలో నడుం వాల్చాను. కళ్ళు మూతలు పడ్డాయి. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. లేపింది మాత్రం పెట్రోలు వాసన. ఘాటుగా, గొంతులో దిగేంతగా.

ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. తమ్ముడు అద్దాలన్నీ ఎత్తుకుని సీట్లో కూర్చుని తొక్కుతున్నాడు. కారు ముందర మా ఆయన రెగ్యులేటర్ స్క్రూ తిప్పుతూ గేజీ మీదే కళ్ళు పెట్టి వంగి ఉన్నాడు. ఆయన ముఖానికి జానెడు దూరంలో, పాత రబ్బరు గొట్టం క్లిప్పు కింద నుంచి పెట్రోలు సన్నటి తుంపరలా చిమ్ముతోంది. దాని పక్కనే టర్బో నిప్పులా కాగుతూ ఉంది.

“ఇంజిన్ ఆపరా” అని అరిచాను. దగ్గులూ గిగ్గులూ ఏమీ గుర్తురాలేదు.

తమ్ముడు తాళం తిప్పాడు. మా ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగాను. మంటలార్పే సిలిండర్ తెచ్చుకుని తమ్ముడు చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. ఏమీ జరగలేదు. టర్బో చల్లబడేదాకా ముగ్గురం వాకిట్లోనే ఉన్నాం. నేను నిద్రపోయినందుకు వీళ్ళిద్దరూ కాలిపోయేవాళ్ళు కదా అన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

“బావా, నీ మొహం దాని మీదే ఉంది కదా. వాసన రాలేదా?” అన్నాడు తమ్ముడు.

మా ఆయన మళ్ళీ నా వైపు చూశాడు. జలుబు చేసిందిరా ఆయనకి అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పోస్టాఫీసులో ఇంతకన్నా పెద్దవే చెప్పి నెగ్గుకొచ్చాను. కానీ ఓపిక లేక ఊరుకున్నాను. ఒట్టూ తప్పలేదు, అబద్ధమూ ఆడలేదు.

“నాకు వాసన తెలీదురా. పదకొండు నెలలైంది” అన్నాడు ఆయన, తల దించుకుని.

నా గుండె మీద నుంచి బరువు దిగింది. ఆయన్ని చూస్తే జాలేసింది, అయినా దిగింది. రేపు మధ్యాహ్నం తలుపులు వేసుకుని పడుకుంటానని అప్పుడే అనుకున్నాను.

“మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావు?”

“మీ అక్క ఉందిగా.”

తమ్ముడి ముఖం తేటపడింది. “ఓస్, ఇంతేనా. అయితే ఇబ్బందేముంది? చిన్నప్పుడు నేను సిగరెట్ కాలిస్తే వీధి చివర నుంచే పట్టేసేది. దాని ముక్కు ముందు నీ ముక్కెంత, బావా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

గొట్టం, క్లిప్పు కొత్తవి వేశారు. ఈసారి నన్ను ఇంజిన్ పక్కనే నిలబెట్టారు. ఆయన స్క్రూ పావు చుట్టు తిప్పడం, “ఏమోయ్, వాసనేమైనా?” అని గట్టిగా అడగడం, నేను “లేదు” అనడం. గేజీ ముల్లు మూడు దగ్గర నిలిచాక నట్టు బిగించి, గాలి ట్యూబు తగిలించాడు. కారు రోడ్డు మీద తిప్పి చూసుకొచ్చిన తమ్ముడు ఇప్పుడది పక్షిలా పోతోందని ఆయన్ని కౌగిలించుకున్నాడు. నేను వాడికి ఒక టీ బాకీ అని గుర్తుచేసి వెళ్ళాడు.

మా ఆయన చేతులు కడుక్కుంటూ ఈల వేశాడు. పదకొండు నెలల్లో అది మొదటి ఈల.

“ఇక దాచే పనే లేదోయ్. దర్జాగా అందరి ముందే నిన్ను అడుగుతా. రేపు పొద్దున్నే రెండు బళ్ళొస్తున్నాయి, పెందలాడే వచ్చేద్దాం.”

“నేను రాను” అన్నాను.

నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి ఆపేశాడు.

“ఏం, ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉంది. అలిసిపోయాను. పదకొండు నెలల్లో అలిసిపోయావా అని మీరు ఒక్కసారి కూడా అడగలేదు. వాసన వస్తోందా అని మాత్రమే అడిగారు.”

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, దాన్ని మేకుకు తగిలించి నా వైపు తిరిగాడు.

“మరి నేనేం చేయను?”

తెలియదన్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఇంకో స్టూలు నా వైపు జరిపాడు. నేను కూర్చున్నాను.