ముక్కు మాస్టారి భార్య

ఆ గాజు గ్లాసులకు సబ్బు తగలకూడదు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఒక్కోదాన్నీ కాడ దగ్గర పట్టుకుని, మెత్తటి నూలుగుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూడాలి. వేలిముద్ర కనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి. పద్నాలుగు గ్లాసులు. నెలలో మొదటి ఆదివారం పొద్దున నా పని ఇదే. ఒకసారి ఒక గ్లాసు నా చేతిలో విరిగింది. బొటనవేలి కింద తెగి రక్తం కారుతుంటే నా భర్త వచ్చి ముందు గాజుముక్కలు ఏరాడు. "సెట్టు పాడుచేశావు," అన్నాడు. తరువాత తెగిన చోట తన వేలితో గట్టిగా నొక్కాడు. రక్తం ఆపడానికి కాదు.

ఆ మధ్యాహ్నాలు మా హాల్లో ఆరుగురు అతిథులు చేరతారు. అందరికీ ఫ్రెంచి వైన్ల పిచ్చి. ఆ నెలలో తాము తాగిన వాటిలో నచ్చిన సీసా గురించి ఒక్కొక్కరూ చెప్పాలి, అలాంటిదే ఇంకొకటి తెచ్చి అందరికీ పోయాలి. పళ్ళ డాక్టరు బోర్దో తప్ప ముట్టడు. "నోట్లో మఖమల్ పరిచినట్టుందండీ," అంటాడు ప్రతి నెలా. ఆయన భార్యకు షాంపేన్ తప్ప ఇంకేదీ ఆనదు. నా భర్త పగలంతా ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు, ఆ గదిలో మాత్రం ముక్కు మాస్టారు. గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని, "వానకు తడిసిన సున్నపురాయి. పచ్చి ఆపిల్ తొక్క. ఆ వెనకాల ఎక్కడో, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల," అంటాడు. తరువాత ఒక్కొక్కరే తలలూపుతూ, "అవునవును, అగ్గిపుల్ల!" అంటారు.

ఆ అగ్గిపుల్ల నాది. సున్నపురాయి కూడా నాదే.

నేను సబ్బుల కంపెనీలో వాసనలు పరీక్షించే గదిలో పనిచేసేదాన్ని. సన్నటి కాగితపు పుల్లలు నూనెల్లో ముంచి, రోజుకు నలభై వాసన చూసి తప్పొప్పులు రాయాలి. నిమ్మనూనె రెండు చుక్కలు ఎక్కువైతే గుమ్మంలో నుంచే చెప్పేసేదాన్ని. ఇంట్లో మొదటిసారి వాళ్ళంతా చేరిన రోజు అతను గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చి, తలుపు చేరవేసి, "ఇందులో ఏం తడుతోంది? తొందరగా చెప్పు," అన్నాడు. చెప్పాను. నిమిషం తరువాత హాల్లో చప్పట్లు వినిపించాయి. అబద్ధమెందుకు, నాకూ సంతోషం వేసింది. నా మాటలు అతని నోటితో బయటికి వెళ్ళి గౌరవం తెచ్చుకుంటున్నాయి కదా అనుకున్నాను. ఆరేళ్ళు అలాగే గడిచాయి. వాసన చెప్పడం ఆలస్యమైతే జబ్బ మీద గిల్లేవాడు. చెప్పింది మెప్పు పొందకపోతే వీపు మీద గుద్దేవాడు. ఆ సమయానికి హాల్లో పాట పెద్దదయ్యేది. గ్లాసు తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకుని ఆపుకునేదాన్ని, హాల్లో జనం ఉన్నారు కదా. పెళ్ళిచూపుల్లోనే మా అత్తగారు చెప్పింది: "మావాడికి కోపం ముక్కు మీదే ఉంటుందమ్మా, మనసు మాత్రం వెన్న." ఎవరి ముక్కు మీదో ఆవిడ చెప్పలేదు.

కిందటేడు ఒక లాయరమ్మ కొత్తగా వాళ్ళలో చేరింది. నలభై దాటిన మనిషి, కోర్టులో అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. "మీ ఆవిడ ఎప్పుడూ వంటింట్లోనేనా? వచ్చి కూర్చోమనండి," అంది. అందరి ముందూ కాదనలేక పిలిచాడు. కూర్చున్నాను. బర్గండీ నుంచి వచ్చిందట, ఒక ఎర్ర వైను పోశారు. అతనికి నన్ను అడిగే వీలు లేకపోయింది. గ్లాసు తిప్పి తిప్పి, "మిరియాలు... వెనీలా..." అన్నాడు. నోరు జారాను. "కాదండీ, చెర్రీపండు. తడి మట్టి. తుప్పు పట్టిన మేకు," అన్నాను. లాయరమ్మ మళ్ళీ వాసన చూసి, పకపకా నవ్వింది. "మేకే! ఇదిగో అసలు ముక్కు ఇక్కడుంది!" అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

నాలుగు గంటల ఎండ ఇంకా కిటికీలో ఉంది. చివరి కారు మలుపు తిరగ్గానే అతను తలుపు గడియ పెట్టాడు. నేను పళ్ళేలు తీస్తున్నాను. మొదటి దెబ్బ పిడికిలితో, రెండు కళ్ళ మధ్య. లోపల ఏదో పుటుక్కుమన్న చప్పుడు చెవుల్లో వినిపించింది. పళ్ళేలతో సహా పడ్డాను. జుట్టు పట్టుకుని లేపి తలను గోడకు కొట్టాడు. ఒకసారి, మళ్ళీ, ఇంకోసారి. "అసలు ముక్కు... అసలు ముక్కు..." అంటూ దెబ్బకో మాట. నా రక్తం నా గొంతులోకే దిగింది. అత్తగారు తన గది తలుపు తీసి చూసి, మూసేసి, కాసేపటికి ఐసుముక్కలు గుడ్డలో చుట్టుకుని వచ్చింది. "మెట్ల మీద జారానని చెప్పు. ఇంటి పరువు నీ చేతిలో ఉంది తల్లీ," అంది.

ఆస్పత్రిలో డాక్టరు నా చెంప మీద గాటు చూశాడు. "మెట్లకు ఉంగరం కూడా ఉందా అమ్మా?" అన్నాడు. పక్కనే ఉన్న అత్తగారు, "చిన్నప్పటి నుంచీ దీనికి చూపు నేల మీద ఉండదండీ," అంది. నా చిన్నతనం ఆవిడ చూడనే లేదు. నేను అవునన్నట్టు తలూపాను. ముక్కు వంకరగా అతుక్కుంది. వాసన మాత్రం తిరిగి రాలేదు. తల లోపల సన్నటి నరాలు తెగాయట. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు.

కంపెనీలో నెల రోజులు ఊరుకున్నారు. ఆ తరువాత సూపర్‌వైజరు, "ముక్కు పనిచేయని మనిషితో ఇక్కడేం పని చేయించుకోమంటావు?" అని ప్యాకింగ్‌లోకి పంపాడు. పదకొండేళ్ళ పని. అట్టపెట్టెలకు టేపు వేస్తూ నిలబడితే అటుగా వెళ్ళే ప్రతివాడూ జాలిగా చూసేవాడు. ఇంట్లో పాలు పొంగి మాడిపోయినా తెలిసేది కాదు. నా బట్టలు నావేనా అని పట్టుకుని చూసేదాన్ని. లోకం అద్దం అవతలికి వెళ్ళిపోయినట్టు అనిపించేది.

అతను నమ్మలేదు. "కక్షకొద్దీ నటిస్తున్నావు," అన్నాడు. ఫినాయిల్ సీసా మూత తీసి, మెడ వంచి, నా ముఖం దాని మీద అదిమి పట్టాడు. కళ్ళు మండి నీళ్ళు కారాయి. వాసన లేదు. అయినా నెల తిరిగేసరికి మళ్ళీ గ్లాసుతో వంటింట్లోకి వచ్చాడు. చెయ్యి మెలిపెట్టి, "చెప్పు," అన్నాడు. నోటికొచ్చింది చెప్పాను. "గుర్రపు జీను." వెళ్ళి అదే అన్నాడు. "ఆహా, తోలు! నాకూ తగులుతోంది!" అని పళ్ళ డాక్టరు గొంతు. ఎన్నో వారాల తరువాత ఆ రోజే నవ్వొచ్చింది. వాళ్ళలో ఎవరికీ ఏ వాసనా తెలియదు. నాకు పోయింది, వాళ్ళకు పుట్టుకతోనే లేదు.

ఇంకో నాలుగు నెలలు అలాగే నోటికొచ్చింది చెప్పాను. ఈ ఆదివారం లాయరమ్మ తన సీసా తెచ్చింది. నేను "ఎండిన గులాబీలు, తేనె" అన్నాను. అతను అవే అన్నాడు. అందరూ తలలూపారు. అప్పుడు లాయరమ్మ బొంగురు గొంతు వినిపించింది: "ఇది చెడిపోయింది మాస్టారూ. బిరడా బూజు పట్టింది. నానిన అట్టముక్క కంపు కొడుతోంది. గులాబీలు ఎక్కడివి?"

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. వంటింటి తలుపు తెరుచుకుని, మూసుకుంది. అతను నా జుట్టు చేతికి చుట్టుకుని ముఖాన్ని సింకు అంచుకు కొట్టాడు. పన్ను కదిలింది. మోకాలితో కడుపులో పొడిచాడు. హాల్లో పాట గట్టిగా వినిపించసాగింది. ఎప్పటిలాగే. మూలిగానేమో, అరచేతితో నా నోరు మూశాడు. ఊపిరాడలేదు. వంకర ముక్కులోంచి గాలి చాలదు నాకు. ఇక్కడే పోతానన్నమాట అనిపించింది. పళ్ళు బిగించాను. చర్మం తెగింది. వదలలేదు. ఎముక తగిలేదాకా కొరికాను.

అతను పెట్టిన కేక ఆ వంటింట్లోంచి బయటికి వెళ్ళిన మొదటి కేక.

పాట టక్కున ఆగింది. కుర్చీలు జరిగాయి. ఒక్క క్షణంలో అందరూ గుమ్మంలో ఉన్నారు. "ఏమైంది అన్నయ్యా?" అంటూ పళ్ళ డాక్టరు భార్య అందరికంటే ముందు వచ్చింది. ఆమె చేతిలో పాటల రిమోటు ఉంది. అది చూశాక అర్థమైంది. ఆరేళ్ళుగా సరిగ్గా ఆ సమయానికే పాట ఎందుకు పెద్దదయ్యేదో. ఆమె నా వైపు చూసి, రిమోటును చేతి సంచిలో వేసుకుంది.

"చూడండి, కరిచింది, పిచ్చిపట్టింది దీనికి," అన్నాడు నా భర్త, రక్తం కారుతున్న తన చెయ్యి పట్టుకుని.

"ఇంటి విషయాలు చెల్లెమ్మా. మేం బయల్దేరతాం, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి," అన్నాడు పళ్ళ డాక్టరు, నా పన్ను వైపు చూడకుండా.

అలవాటుగా కుళాయి వైపు తిరిగాను. లాయరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ముఖం కడుక్కోకు. బట్టలు మార్చుకోకు. నాతో వస్తావా?"

"వస్తాను," అన్నాను.

అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నేను నడుస్తూనే ఉన్నాను. ఏం చూశాడో నా ముఖంలో, పక్కకు తప్పుకున్నాడు. అత్తగారు తన గదిలోంచి, "పరువు, తల్లీ," అంది. బయట ఎండ కళ్ళలో పడింది.

స్టేషన్లో ఉన్న అధికారిణి కాగితం తీసి, పాత దెబ్బల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ అడిగింది. నేను చెప్పాను. ఆమె రాసింది. చివర కలం ఆపి, "ఇవన్నీ జరిగినప్పుడు దగ్గర్లో ఎవరైనా ఉన్నారా? సాక్షులు?" అంది.

పక్కన లాయరమ్మ తల దించుకుంది. నేను పెదవి మీద ఎండిన రక్తం తుడుచుకోలేదు.

"ఉన్నారు. ఒక్క గుటక తాగి ఏ దేశం, ఏ కొండ, ఏ ఏడాది ద్రాక్షో చెప్పగలరు. గోడ అవతల ఏడుస్తున్నది ఎవరో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. పేర్లు చెప్తాను, రాసుకోండి. నా పక్కనున్న ఈమెతో మొదలుపెట్టండి."