పిడకల కింది కాయితం

ఆరేళ్లుగా నడుస్తున్న కేసు ఆ పూట ఆరు నిమిషాల్లో ఆగిపోయింది.

కోదాడ కోర్టు వరండాలో ఆండాలు కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. మునగాల దగ్గర ఇటుకల కంపెనీ వాళ్లు గొర్రెల బాటకు అడ్డంగా గోడ కట్టినప్పటి నుంచి ఆమె మంద కాలువ నీళ్లకు హైవే మీదుగా చుట్టు తిరిగి పోతోంది. పోయిన ఎండాకాలం పదకొండు గొర్రెలు లారీ కింద పడ్డాయి. వాటిని అదిలించబోయిన భర్త సత్తయ్య కాలు విరిగింది. బాట వదలమని వేసిన కేసులో ఇవాళ ఆమె సాక్ష్యం చెప్పాలి.

"కంపెనీ దివాలా తీసిందమ్మా. మూసెయ్యమని హైదరాబాద్ ట్రిబ్యునల్ ఆర్డరిచ్చింది. ఆస్తులన్నీ అమ్మి అప్పులు కట్టే లిక్విడేటర్ అని ఒకాయన చేతులకు పోయినయ్. ఇగ ట్రిబ్యునల్ అనుమతిస్తే తప్ప మన కేసు ముందుకు నడవది," అన్నాడు ఆమె వకీలు యుగంధర్.

"కంపెనీ సచ్చిందంటున్నవ్. మరి గోడెందుకు నిలబడ్డది?"

"గోడ ఆస్తి కిందికొస్తదమ్మా."

"గోడకేమో ఆయన కావలి, నా గొర్లకు లారీలా?"

కంపెనీ వకీలు మురళీధర్ నవ్వాడు. "నాలుగు నెలల కిందే గోడకి నోటీసంటించారండీ. రోజూ అక్కడే తిరుగుతుందిగా ఈవిడ! చూడలేదంటే నమ్మాలా?"

ఆండాలుకు గోడ మీది పిడకలు గుర్తొచ్చాయి. కూల్చలేని గోడకు కనీసం పేడైనా పూయాలన్న కసితో, అది లేచిననాటి నుంచీ దాని నిండా పిడకలు కొడుతోంది. మధ్యలో ఎప్పుడో ప్లాస్టిక్ కవర్లో కాగితమొకటి కనపడితే, కంపెనీ వాళ్లదే ఏదో ప్రకటన అనుకుని ఇంకాస్త గట్టిగా కొట్టింది.

అయినా తల దించలేదు. "నాలుగు నెలల సంది నీకెరుకే గద, వకీలు సాబ్? మూడు వాయిదాలకు వచ్చి పోతివి. జడ్జికి సెప్పకుంట నోట్లె పిడక వెట్టుకున్నవా?"

మురళీధర్ ఫోన్ చెవికి ఆనించుకుని పక్కకు జరిగాడు.

"వచ్చే నెల హైదరాబాద్ పోయి అనుమతికి దరఖాస్తు వేద్దాం తియ్యమ్మా," అన్నాడు యుగంధర్, ఫైలు కట్టేస్తూ.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా ఆండాలు గోడ దగ్గరికి నడిచింది. ఒక్కొక్క పిడకా పీకి విసిరేస్తుంటే సత్తయ్య కర్ర ఊతంతో వచ్చాడు.

"కొట్టినప్పుడూ కోపమే, పీకినప్పుడూ కోపమేనా నీకు?"

"ముందుగాల బకెట్ల నీళ్లు తే."

కవర్ కడిగితే అక్షరాలు తేలాయి. డిగ్రీ చదివే కూతురు పూర్ణిమ, తెచ్చిన బకెట్ పక్కన పెట్టి చదివింది. "అమ్మా, ఈ జాగ వేలం ఏస్తున్నరు. ఇరవై రెండో తారీఖు."

ఇవాళ పదమూడు. వకీలు వచ్చే నెల అన్నాడు, అప్పటికి జాగ అమ్ముడుపోతుంది!

తెల్లారి యుగంధర్ ఆఫీసులో ఆండాలు ఆ కవర్‌ను తెల్లటి ఫైళ్ల మీద పరిచింది. అతను ముక్కు మూసుకున్నాడు.

"లారీ కింద గొర్లు పడ్డనాడు గింతకంటే కంపు కొట్టింది సారూ. సదువు."

చదివాడు. కుర్చీలోంచి లేచాడు. "వేలం సంగతి నాకు..."

"కాయితం కప్పింది నేనే. నా తప్పు నేనొప్పుకుంట. కేసు పట్టి ఆరేండ్లయినా ఒక్కనాడు ఆ గోడ మొకం సూడనిది నీ తప్పు." ఆండాలు తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. "హైదరాబాద్ బస్సు పదింటికున్నది. యాడ వేలుముద్ర ఎయ్యాల్నో బస్సుల సెప్పు. నడువ్."