స్విచ్‌లో దోషం

పెట్రోలులో ముంచిన కుంచెతో స్విచ్‌లోని రాగి రేకులు తుడుస్తూ, తాను తుడుస్తున్నవి శుభ్రంగానే ఉన్నాయని జాన్ సాహెబ్ మరోసారి చూసుకున్నాడు. పోయిన వారం తుడిచినవే. మసి లేదు, చిలుము లేదు. స్ప్రింగు బిగువుగా ఉంది. అయినా కుంచెను మళ్ళీ డబ్బాలో ముంచాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని దేవదాసు చూస్తున్నాడు. పని జరుగుతున్నట్టు కనిపించాలి.

"ఈసారన్నా నిలబడుద్దా సాయిబూ?" అన్నాడు దేవదాసు.

"నిలబడుద్దిలే. పాయింట్లు అరిగినయ్యి. వయసు బండి గదా."

ఆ అబద్ధం ఆడినప్పుడల్లా జాన్ సాహెబ్ తల ఇంకాస్త కిందికి వంగేది. కళ్ళజోడు ముక్కు మీదికి జారేది. దాన్ని ముంజేత్తో పైకి తోసుకుని, బిగిసి ఉన్న మరనే మళ్ళీ బిగించేవాడు.

నరసరావుపేట బస్టాండు వెనక సందులో ఆ రేకుల షెడ్డు ఆయనది. బక్కపలచని మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం కొసన ఎరుపు దిగిపోయి తెలుపు బయటపడుతోంది. రెండు బొటనవేళ్ళ మీదా సోల్డరింగు కాల్చిన మచ్చలు నల్లగా, పాత మశూచి గుంటల్లా ఉంటాయి. ఒకప్పుడు టాక్సీ స్టాండులోని అంబాసిడర్లన్నీ ఈ సందులోకే వచ్చేవి. ఏళ్ళు మీదపడ్డాక వాటన్నిటికీ ఒకటే జబ్బు. స్టీరింగు కింద చెంచాకాడలాంటి ఇండికేటర్ స్విచ్ కాడ ఒకటి ఉంటుంది. కిందికి నొక్కితే కుడి దీపం కొట్టుకోవాలి, పైకి ఎత్తితే ఎడమది. బండి మలుపు తిరిగాక కాడ దానంతట అదే మధ్యలోకి రావాలి. దుమ్ము చేరి, రేకులు వంగి, ఆ కాడ మాట వినడం మానేస్తుంది. దాన్ని దారికి తెచ్చేది నరసరావుపేటలో జాన్ సాహెబ్ ఒక్కడే. ఇప్పుడు ఆ బండ్లన్నీ తుక్కులోకి పోయాయి. ఆయన రోజంతా ఆటోలకు హారన్లు, మోటారు సైకిళ్ళకు బ్యాటరీలు వేస్తాడు. మిగిలింది దేవదాసు తెల్ల అంబాసిడర్ ఒక్కటే.

ఆ బండి స్విచ్‌లో ఏ దోషమూ లేదని ఆయనకు సంక్రాంతి ముందే తెలిసింది.

అప్పుడు దేవదాసు వచ్చి, కుడి వేస్తే ఎడమ వెలుగుతోందన్నాడు. తీగలు తారుమారయ్యాయేమోనని జాన్ సాహెబ్ అంతా విప్పి చూశాడు. ఎక్కడి తీగ అక్కడే ఉంది. మళ్ళీ బిగించి, తాను బండి ముందుకు వచ్చి నిలబడి, "కుడి వెయ్యి," అన్నాడు. దేవదాసు నమ్మకంగా కాడ పైకెత్తాడు. ఎడమ దీపం కొట్టుకుంది. "చూశావా?" అన్నాడు, తప్పు దొరికినవాడిలా. జాన్ సాహెబ్ అద్దంలోంచి ఆ ముఖాన్ని చూశాడు. పొరపాటు పడ్డ మనిషి ముఖంలా లేదు. అతని లోకంలో అదే కుడి.

కాసేపటికి టీ తాగుతుంటే, గ్లాసు దేవదాసు కుడిచేతిలోంచి జారి నేల మీద పగిలింది. జారిన సంగతి ఆ చేతికి తెలిసినట్టే లేదు. ఇంకా గ్లాసు పట్టుకున్నట్టే వేళ్ళు వంచి ఉంచాడు.

ఆ రోజే చెప్పాల్సింది. "స్విచ్ బాగానే ఉంది దేవదాసూ, నువ్వే బాగాలేవు, డాక్టరుకు చూపించుకో," అంటే అయిపోయేది. కానీ ఆ మాట అంటే బండి తాళంచెవి లాక్కున్నట్టే. పద్దెనిమిదేళ్ళ వయసు నుంచీ స్టీరింగు పట్టుకున్న మనిషి. గుడ్ ఫ్రైడే నాడు కూడా చర్చి నుంచి వచ్చి బండి కడిగేవాడు. అలాంటివాడు అరుగు మీద కూర్చుని ఏం చేస్తాడు? జాలి పడే ఊరుకున్నానని జాన్ సాహెబ్ తనకు తాను చెప్పుకునేవాడు. అది సగమే నిజమని కూడా ఆయనకు తెలుసు. ఇంకో సగం ఏమిటంటే, దేవదాసు రాకపోతే ఆ షెడ్డులో ఆయనతో మాట్లాడే మనిషి లేడు. ఆయన చేతికి మాత్రమే తెలిసిన పనిని అడిగే మనిషీ లేడు. అందుకే లేని దోషాన్ని వారం వారం బాగు చేశాడు.

స్టీరింగు చక్రం మళ్ళీ ఎక్కించి, నట్టు బిగించి, పాత గుడ్డతో చక్రమంతా తుడిచాడు. దేవదాసు లేచి ఎక్కి కూర్చున్నాడు. ఎక్కేటప్పుడు కుడికాలు గడపకు తగిలింది.

"ఇంతకీ ఏడికి పోతున్నావ్?"

"ఈపూరు. మా ఆరోగ్యమ్మత్తకు రేపు కంటి ఆపరేషన్. తీసుకొచ్చి మా ఇంట్లో పడుకోబెట్టాలి. బస్సెక్కనంటది. నా బండైతేనే వస్తానంటది."

వెళ్ళేటప్పుడు ఒక్కడే. వచ్చేటప్పుడు ముసలామె. జాన్ సాహెబ్ తలుపు మీద చెయ్యి వేసి వంగాడు.

"దేవదాసూ, నీకో మాట చెప్పాల."

"చెప్పు."

దేవదాసు తల తిప్పి చూశాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. కుడి చెంప మీద మాత్రం ఒక చారలా గీయని వెంట్రుకలు మిగిలిపోయాయి. కళ్ళు రెప్ప వేయకుండా ఎదురుచూశాయి. ఎంత మామూలు మాటయినా వినడానికి సిద్ధంగా ఉన్న కళ్ళు. ఆ కళ్ళ ముందు జాన్ సాహెబ్ అనుకున్న మాట మార్చేశాడు.

"రోడ్డు మీదనే మిరపకాయలు ఆరబోసుంటారు. చూసుకుని పో."

"అంతేనా?"

"అంతే."

దేవదాసు ఇంకో క్షణం చూశాడు. తర్వాత నవ్వి, బండి తీశాడు. సందు చివర దీపం కొట్టుకుంది. కుడికి తిరగాలి, కుడిదే కొట్టుకుంది. జాన్ సాహెబ్ ఊపిరి వదిలాడు. ఈ పూటకి బాగానే ఉన్నాడులే అనుకున్నాడు.

మధ్యాహ్నం భార్య అబిదా అన్నం తెచ్చింది. బల్ల మీది మరలు పక్కకి నెట్టి గిన్నెలు పెడుతూ, పెట్రోలు డబ్బాను చూసింది.

"దేవదాసన్న వచ్చాడా?"

"ఆఁ."

"చెప్పావా?"

ఆయన అన్నం కలుపుకున్నాడు.

"మా అన్నకి పక్షవాతం ఇట్టనే చెయ్యి తిమ్మిరితోనే మొదలైందని నీకు చెప్పానా లేదా? ఉన్న రోగం చెప్పవు, లేని రోగానికి మందేస్తావు. ఏం మనిషివయ్యా నువ్వు?"

"ఎట్ట చెప్పమంటావే? నువ్వింక బండి తోలలేవని ఏ నోటితో చెప్పేది?"

"తినే నోటితోనే."

ముద్ద గిన్నెలో వదిలేశాడు. నీళ్ళు తాగి, ఎడమచేత్తో ఫోను తీసి దేవదాసు నంబరు నొక్కాడు. ఈపూరులోనే ఉండమని చెప్పాలి. బస్సులో వెళ్ళి, బండి తానే తోలుకొస్తాననాలి. దారిలో మిగతాది చెప్పాలి. ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. తీయనందుకు ఆయనకు భయం వేయాల్సింది. కానీ మొదట కలిగింది హాయి. పరీక్ష వాయిదా పడ్డ పిల్లవాడి హాయి. తర్వాతి రోజుల్లో ఆయన్ను ఎక్కువగా కాల్చింది అదే.

"తోలుతున్నట్టుండాడు. వచ్చాక చెప్తాలే," అన్నాడు.

అబిదా గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఒక ఆటోకు ఫ్లాషరు మార్చి, ఇంకో ఆటోకు తీగలు అతుకుతుండగా ఫోను మోగింది. దేవదాసు పేరే కనిపించింది. "ఏందయ్యా, ఫోను తియ్యవు?" అన్నాడు జాన్ సాహెబ్. అవతల గొంతు వేరే.

"అన్నా, నా పేరు బెంజిమిన్. ఈపూరు రోడ్డులో పంచర్ల షాపు. ఇందాక ఈ ఫోనుకు మీరు చేసినట్టున్నారు. ఈయన మీకేమవుతాడు?"

జాన్ సాహెబ్ చేతిలో తీగ అలాగే ఉండిపోయింది.

"మా వాడే. ఏమైంది?"

"తెల్ల అంబాసిడరన్నా. ఒక్కడే ఉన్నాడు. మెల్లగా పక్కకి తీసి మా షాపు అవతల చెట్టు కింద ఆపాడు. ఇండికేటర్ కొట్టుకుంటానే ఉంది. కునుకు తీస్తున్నాడేమో అనుకున్నా. ఎంతసేపటికీ కదలకపోతే పోయి చూశా. సీటుకు ఆనుకునే ఉన్నాడన్నా. చెయ్యి చల్లగా ఉంది. అంబులెన్సు వాళ్ళు వచ్చారు గానీ, లాభం లేదన్నారు."

"ఎవరికన్నా దెబ్బలు..."

"లేదన్నా. ఎవరికీ ఏం కాలా. బండికి గీతన్నా పళ్ళా."

ఎండ తగ్గేసరికి దేవదాసును ఇంటికి తెచ్చారు. వరండాలో తెల్లదుప్పటి కప్పి పడుకోబెట్టారు. చర్చి ఆడవాళ్ళు ఒక మూల కూర్చుని గొంతు తగ్గించి పాడుతున్నారు. జాన్ సాహెబ్ చెప్పులు వాకిట్లో విడిచి, దుప్పటి అంచున నిలబడ్డాడు. కుడి చెంప మీద గీయని ఆ వెంట్రుకల చార అలాగే ఉంది. ఆయన చూపు దాని మీదే ఆగిపోయింది.

దేవదాసు భార్య కృపామణి తల ఎత్తి చూసింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"వచ్చావా అన్నా. చూడు, ఎంత నెమ్మదిగా పోయాడో. రోడ్డు మీద ఒక్క మనిషికి తగలకుండా పక్కకి తీసి ఆపాడంట. సిగ్నలు కూడా ఏశాడంట. పొద్దున నువ్వు బాగు చేసిన స్విచ్చేనన్నా. నీ పుణ్యం."

ఆ 'పుణ్యం' ఆయన చెవిలో సీసంలా పడింది.

"స్విచ్‌లో ఏ దోషం లేదమ్మా," అన్నాడు.

"నీ చెయ్యి పడ్డాక దోషమెందుకుంటదన్నా."

"అది కాదమ్మా. ముందునుంచీ దాంట్లో..."

పాడుతున్నవాళ్ళు పాట మార్చారు. ఎవరో ముసలామె వచ్చి కృపామణిని కావలించుకుని ఘొల్లుమంది. జాన్ సాహెబ్ మాట నోట్లోనే ఆగింది. ఆగాక దాన్ని మళ్ళీ ముందుకు తోసే బలం ఆయనకు లేకపోయింది. ఎవరి కోసం చెబుతున్నట్టు? ఆమెకు మిగిలిన ఆ కాస్త ఊరటనూ తీసేసి, తన బరువు దించుకోవడానికేనా? పొద్దున మూసుకున్న నోరు సాయంత్రం తెరిస్తే ఎవరికి మేలు?

కాసేపయ్యాక కృపామణే పిలిచింది.

"బండి అక్కడే రోడ్డు మీదుందన్నా. తాళం ఆ పంచర్ల షాపాయన దగ్గరే ఉందంట. దాన్ని నువ్వు తప్ప ఎవురూ తీయలేరు. తెచ్చి వాకిట్లో పెడతావా? ఆయన పోయేటప్పుడు బండి ఇంటికాడ ఉండాల."

ఆయన తల ఊపి, ఈపూరు బస్సెక్కాడు.

దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఘాటుకు బస్సులో అందరూ దగ్గుతున్నారు. జాన్ సాహెబ్ కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పక్కనున్నాయన, "ఘాటు చానా ఎక్కువుందీ యేడు," అన్నాడు. ఆయన అవునన్నాడు.

చింతచెట్టు కింద అంబాసిడర్ రోడ్డు అంచుకు సరిగ్గా, ఎవరో కొలిచి పెట్టినట్టు నిలబడి ఉంది. బెంజిమిన్ తాళంచెవి చేతిలో పెట్టి షాపులోకి వెళ్ళిపోయాడు. జాన్ సాహెబ్ తలుపు తీసి కూర్చున్నాడు. ఇంజను ఆపేశారు గానీ, కాడ ఇంకా పైకే ఉంది. ఎడమ. పక్కకి ఆగడానికి సరైనదే వేశాడు. వేలితో దాన్ని మధ్యలోకి తెచ్చాడు. ఖచ్చితంగా, తేలిగ్గా కదిలింది. ఎంత మంచి స్విచ్!

అప్పుడు చూశాడు. స్టీరింగు చక్రానికి కుడివైపున ఎర్ర రిబ్బను ముక్క ఒకటి కట్టి ఉంది. చిన్నపిల్లల జడకు కట్టేటువంటిది.

పొద్దున ఆ చక్రాన్ని తన చేతులతోనే తీశాడు, ఎక్కించాడు, గుడ్డతో తుడిచాడు. అప్పుడు అది లేదు. వంగి దగ్గరగా చూశాడు. రిబ్బను కొత్తది కాదు. కట్టి విప్పి, కట్టి విప్పి ముడి పడ్డ చోటల్లా రంగు వెలిసి, పీచు లేచి ఉంది. సందు దాటాక కట్టుకున్నాడు. షెడ్డుకు వచ్చే ముందు విప్పేసుకునేవాడు. వారం వారం.

దేవదాసుకు తెలుసు. ఏది కుడో తనకు తెలియడం లేదని తెలుసు. తెలిసే వచ్చి స్టూలు మీద కూర్చుని, దోషం లేని స్విచ్‌ను సాయిబు బాగు చేస్తుంటే చూస్తూ ఉండేవాడు. ఎవరూ చెప్పకూడదని వచ్చేవాడా? ఎవరో ఒకరు చెబుతారేమోనని వచ్చేవాడా? "అంతేనా?" అని పొద్దున అడిగింది ఏ మాట కోసం?

జాన్ సాహెబ్ ముడి విప్పబోయి, వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు. తాళం తిప్పకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు. కల్లాల వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా చక్రానికి కుడివైపున ఆ రిబ్బను కొస కొద్దిగా లేచి, మళ్ళీ వాలుతోంది.