మైనం నింపిన పాట

పొద్దున్నే కాఫీ తాగి, నాన్న పళ్ళ ముందు కూర్చునేవాడు. డెంటల్ ల్యాబులో ఆయన ఉద్యోగం అది. డాక్టర్లు పంపిన దవడల అచ్చుల మీద మైనంతో పన్ను చెక్కి, పక్క పళ్ళతో సరిపోయిందో లేదో వేలితో తడిమి, గరుకు తగిలితే మళ్ళీ చెక్కేవాడు. ఆయన చేసిన పన్ను పెట్టుకున్నవాళ్ళు అది తమది కాదని మర్చిపోయేవారట.

ఇంట్లోనూ ఆ చెయ్యి ఊరుకునేది కాదు. పిల్లలు చదివేది, చూసేది, తినేది అన్నీ ఒకసారి తన వేలి కింద నుంచి పోవాలి. కూతురు సినిమాకు వెళ్తానంటే ముందు రోజు తను వెళ్ళి చూసొచ్చేవాడు. స్నేహితురాలి ఇంటికి వెళ్తానంటే ఆ వీధిలో అటూ ఇటూ నడిచి కుక్కలున్నాయేమో కనుక్కునేవాడు. భార్య ఆస్పత్రిలో నర్సు. "ముందు మీరు బతికి చూసి, బాగుంటే పిల్లల్ని బతకమంటారేమో" అనేది. ఆయనకు నవ్వు వచ్చేది కాదు. ఈ పరాయి దేశంలో అమ్మమ్మ లేదు, మేనమామ లేడు, పిల్ల ఎటు పోతోందో చూసి చెప్పడానికి వీధి చివర తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. కాలు జారితే పట్టుకోవడానికి తమ ఇద్దరి చేతులే.

పదహారో పుట్టినరోజుకి కూతురు ఒక హిప్‌హాప్ రికార్డు అడిగింది. ఏ ఆల్బమో పేరు కూడా చెప్పింది. రికార్డుల షాపాయన దాన్ని అరలోంచి తీసి, చొక్కాకి తుడిచి, క్లాసిక్ అన్నాడు. క్లాసిక్ అని ఎలా చెప్తారని నాన్న అడిగాడు.

"ఏముంది, మామూలు ఆల్బమ్ పాడేసి వెళ్ళిపోతుంది. కాస్త బాగుంటే ఒకటో రెండో పాటలు ఇంట్లో ఉండిపోతాయి. క్లాసిక్ అయితే అన్నీ ఉంటాయి. మా ఇంట్లో ఒకటుంది, మా ఆవిడ వంటింటి అలమర తీసిందంటే డ్రమ్సే."

నాన్న తలూపాడు. తమ పై అంతస్తు ముసలావిడ గొడుగులో ఆమె పెళ్ళినాటి పాట ఒకటి కాపురముంటోంది. వాన పడ్డ రోజు మెట్ల మీద అందరూ వింటారు. అది కాదు ఆయనకు కావలసింది. బూతులు ఉంటాయా అని అడిగాడు. షాపాయన ఆయన్ని జాలిగా చూసి, సంచీలో పెట్టి ఇచ్చాడు.

ల్యాబులో అచ్చులు పోసే గదిలో పాత రికార్డు ప్లేయర్ ఉంది. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళాక నాన్న తలుపేసుకుని విన్నాడు. ఇక్కడి భాష ఆయనకు మెల్లగా మాట్లాడితే అర్థమవుతుంది. ర్యాప్‌లో మెల్లగా మాట్లాడేదెవరు? ఆయన కొత్తగా వచ్చినప్పుడు పని నేర్పినవాళ్ళు పొద్దున్నే పలకరింపుగా బూతులే వాడేవారు కాబట్టి, ఆ మాటలు మాత్రం ఎంత వేగంగా పోతున్నా దొరికిపోతాయి. మిగతా పాటల్లో అక్కడొకటి ఇక్కడొకటి, అన్నంలో రాళ్ళలా తగిలాయి. నాలుగో పాటలో మాత్రం ప్రతి వరుస చివరా ఒకటి. మధ్యలో ఏమంటున్నాడో ఆయనకు ఒక్క ముక్క అందలేదు. సగం వినేసరికే చెవులు ఎర్రబడ్డాయి.

రికార్డు మీద పాటకీ పాటకీ నడుమ సన్నటి గీత కనిపిస్తుంది. నాన్న మైనం కరిగించి, నాలుగో పాట గాడి పొడవునా నింపి, పట్టుగుడ్డతో రుద్దాడు. మామూలు కళ్ళకి తెలియదు. సూది దాని మీద చప్పుడు లేకుండా జారి ఐదో పాటలో పడింది. తిండి తిని వచ్చిన సీనియర్ చూసి, "పుచ్చిందా పాపం, పీకెయ్యలేకపోయావా?" అన్నాడు.

పుట్టినరోజున కూతురు రికార్డు పెట్టింది. షాపాయన మాట అబద్ధం కాలేదు. మొదటి పాట మెట్లలో దిగింది. ఎక్కినవాళ్ళ కాళ్ళ కింద తాళం పలికేది. రెండోది స్నానాల గది కిటికీలో, మూడోది ఫ్రిజ్‌లో కుదురుకున్నాయి. ఐదోది తమ్ముడి స్కూలు బూట్లలో దూరింది. ఏదో కూరగాయ తీసుకోవడానికి ఫ్రిజ్ తెరిచిన తల్లి కాసేపు తల ఊపుతూ నిలబడి, తలుపు వేసేసేది.

ఆ తర్వాత మూడోది ఫ్రిజ్ వదిలి గోడ వారగా ముందు గదివైపు జరిగింది. బూట్లలోది చాప మీదికొచ్చింది. మెట్లలోది కూడా ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టింది. పాటలన్నీ రికార్డు ప్లేయర్ వైపు ఒరిగి, ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటున్నాయి. ఇంట్లో ఎవరికీ ఒక పాటా సరిగ్గా వినపడదు, ఒక మాటా సరిగ్గా వినపడదు. తల్లి డ్యూటీ నుంచి వచ్చి చెవుల్లో దూది పెట్టుకునేది.

నాన్నకి అలా ఒరగడం ల్యాబులో రోజూ కనిపించేదే. పన్ను ఊడిన చోటును ఖాళీగా వదిలేస్తే ఇటు పన్ను అటు, అటు పన్ను ఇటు ఒరుగుతాయి. ఏళ్ళు గడిస్తే దవడంతా వంకర. చేతిలో ఉన్న అచ్చుని చూస్తూ ఆయన చాలాసేపు పని ఆపేశాడు. అయినా ఇంట్లో నోరు విప్పలేదు.

కూతురే విప్పింది. కోపంగా కాదు, అదే ఆయన్ని భయపెట్టింది.

"మొదటి రోజే రికార్డు మీద వేలు పెట్టి చూశాను నాన్నా. నీ పనేనని తెలిసింది. అంత నున్నగా ఇంకెవరు చేస్తారు?"

"నీ మంచికేనమ్మా."

"వద్దని చెప్తే పోట్లాడేదాన్ని. పోట్లాడ్డానికి కూడా ఏమీ మిగలకుండా చేసేశావు."

పిన్నికి ఫోన్ చేసింది. తల్లికి చెల్లెలు, రైల్లో ఒక రోజు దూరంలో ఉంటుంది. పిల్లలు లేరు, ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు. వచ్చి ఉండు, ఇక్కడి స్కూల్లోనే చదువుకో అని ఆవిడ ఎప్పటి నుంచో అంటోంది. ఆదివారం సాయంత్రం రైలుకి వస్తానని కూతురు చెప్పేసింది. తల్లి ఆమె బట్టలు మడతపెట్టింది. నాన్న బల్ల దగ్గర కూర్చుని ఆ స్కూలు దగ్గర రోడ్డు దాటే చోటు ఉందో లేదో ఆలోచిస్తుంటే, "ముందు దానితో మాట్లాడండి. ఆపమనడం లేదు, మాట్లాడమంటున్నాను" అంది తల్లి.

ఆదివారం భోజనాలయ్యాక నాన్న రికార్డుని తీసి ఫ్రిజ్‌లో పెట్టాడు. చల్లబడితే మైనం పెళుసవుతుంది. బయటికి తీసి, వెదురుపుల్ల కొనతో పొరని లేపాడు. మిగిలిన పిసర్లని మెత్తటి బ్రష్షుతో, సబ్బు నీటితో కడిగాడు. కూతురు గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన రికార్డుని పట్టుగుడ్డతో తుడిచి ఆమెకి అందించాడు.

"నాకు బూతులే తెలుస్తున్నాయి. వాటి మధ్యలో ఏముందో చెప్తావా?"

ఆమె వచ్చి నేల మీద కూర్చుంది. పాట పెట్టి, ఒక వరుస కాగానే సూది ఎత్తి తెలుగులో చెప్పింది. ఇల్లు పోయిన రోజుల్లో తన ఇంట్లో నేల మీద పడుకోనిచ్చిన పక్కింటావిడకి పాడేవాడు థాంక్స్ చెప్తున్నాడు, చివర్లో బూతు. టికెట్ లేకపోయినా దించెయ్యని బస్సు డ్రైవరుకి థాంక్స్, మళ్ళీ బూతు. తను దొంగిలించిన కోటుని చూసి, "నీకు బాగుంది" అని మాత్రమే అన్న టీచరుకి, జ్వరంలో పక్కనే కూర్చున్న చెల్లెలికి. ప్రతి వరుసా అలాగే.

"మరి ఆ మాటలెందుకు?"

"సిగ్గు నాన్నా. ఉత్తినే థాంక్స్ అంటే ఏడుపొచ్చేస్తుంది వాడికి. అందుకని తిడతాడు."

నాన్న ప్లేయర్ ఆపాడు. ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెప్తే పరాయివాళ్ళని చేసినట్టవుతుందని ఆయన పెరిగిన ఇంట్లో అనుకునేవారు. ఆ మాట ఆయన నోట కూతురు ఎన్నడూ వినలేదు.

"మనం కొత్తగా వచ్చినప్పుడు నాకు కడుపునొప్పి వచ్చింది, ఆస్పత్రికి వెళ్ళాం. నువ్వు చిన్నపిల్లవి. నాకు మాట రాదు, డాక్టరుకి నువ్వే చెప్పావు. ఎక్కడ నొప్పో నీ పొట్ట మీద చూపించావు." తన పొట్ట మీద అదే చోట చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ రోజు నువ్వు లేకపోతే నేనేమయ్యేవాణ్ణో. థాంక్స్ అమ్మా." ఇంకో మాట లేకుండా అక్కడ ఆగడం ఆయన వల్ల కాలేదు. ఇక్కడికి వచ్చాక మొదట నేర్చుకున్న బూతుని, చక్కటి ఉచ్చారణతో, చివర చేర్చాడు.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. వంటింట్లోంచి తల్లి, ఆ మాటన్నది ఎవరని అడిగింది.

నాలుగో పాటని ఈసారి ఆపకుండా విన్నారు. అయిపోగానే మూడోది ఫ్రిజ్‌కి వెళ్ళిపోయింది, ఐదోది బూట్లు వెతుక్కుంది, మెట్లలోది మెట్లెక్కింది. నాలుగోది గదంతా ఒక చుట్టు తిరిగి, గుమ్మం పక్కన సర్ది ఉంచిన కూతురి బ్యాగులోకి దిగింది.

ఈ పాటకి మాత్రం గుమ్మం దాటే ఉద్దేశం లేదు. బ్యాగు కదల్లేదు. తల్లీ కూతురూ చెరో వైపు పట్టుకున్నా కదల్లేదు. తమ్ముడు దాని మీద ఎక్కి కూర్చున్నాడు. తల్లి చెల్లెలికి ఫోన్ చేస్తే, "పాట దిగితే ఏం చేస్తాం, బట్టలు వేరే బ్యాగులో సర్దుకుని రమ్మను, నేను స్టేషన్‌కి వస్తాను" అంది.

సాయంత్రం అవుతోంది. నాన్న బీరువా మీది నుంచి ఇంకో బ్యాగు దించాడు. దుమ్ము దులిపి, జిప్పు అటూ ఇటూ లాగి చూశాడు. కొడుకుని లేపి, మొదటి బ్యాగు తెరిచి, కూతురి బట్టలు ఒక్కొక్కటే తీసి మడత చెదరకుండా రెండో దాంట్లో పెట్టసాగాడు. ఒక చొక్కాకి గుండీ వదులుగా ఉంటే దారం అడిగి కుట్టాడు. ఉండిపొమ్మని ఆయన అనలేదు. అక్కడ చలి ఎక్కువట, స్వెట్టరు పైన పెడుతున్నానని మాత్రం అన్నాడు. ఆయన చెయ్యి పెట్టినప్పుడల్లా బ్యాగు అడుగునుంచి పాట కాస్త పైకి వినిపించేది, పక్కింటావిడో, బస్సు డ్రైవరో.

స్వెట్టరు ఆయన చేతిలో ఉండగానే కూతురు వంగి దాన్ని అందుకుని, తిరిగి పాట ఉన్న బ్యాగులోనే పెట్టింది.

"రైలు వెళ్ళిపోతుందమ్మా" అన్నాడు నాన్న.

"పిన్నితో నేను చెప్తాలే. సెలవులకి వస్తానంటాను." ఆమె రెండో బ్యాగులోంచి చొక్కా తీసి, కుట్టిన గుండీని వేలితో తడిమి చూసింది. "ఇంకో ఆల్బమ్ ఉంది నాన్నా. ముందు నువ్వు వినకు. ఇద్దరం కలిసి విందాం. పోట్లాట వస్తే రానీ."

రానిమ్మన్నాడు నాన్న. అన్నాక, ఎవరికో తెలియదు కానీ, మెల్లగా ఇంకోసారి థాంక్స్ చెప్పుకున్నాడు. ఈసారి ఏ మాటా చేర్చాల్సిన అవసరం రాలేదు.