హాజరు పట్టీలో నొయ్నా

నొయ్నా ఉద్యోగానికి ఉన్నది ఒకే ఒక్క షరతు. పనికి రాకూడదు.

థాయిలాండ్‌లోని మహాఛాయ్‌లో చేపల డబ్బాల ఫ్యాక్టరీ అది. వందమంది పనివాళ్ళకి ఒక వికలాంగుణ్ణి పెట్టుకోవాలని చట్టం. లేకపోతే సర్కారు నిధికి డబ్బు కట్టాలి. అందుకని మూడేళ్ళ కిందట మేనేజరు వితూన్ ఆమె ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకున్నాడు. జీతం ఇంటికే వస్తుందనీ, శ్రమపడి రానక్కర్లేదనీ ఎంతో దయగా చెప్పి వెళ్ళాడు. ఇరుగుపొరుగు ఆమె అదృష్టం చూసి కుళ్ళుకున్నారు. నొయ్నాకి మాత్రం ఒళ్ళు మండేది. మోటారుసైకిలు ప్రమాదంలో కాళ్ళు పడిపోకముందు ఆమె అక్కడే ఆరేళ్ళు పనిచేసింది. చిన్న కర్రతో డబ్బాని తట్టి, మోత విని, మూత సరిగ్గా బిగిసిందో లేదో చెప్పడం ఆ పని. దానికి కావలసింది చెవి, చెయ్యి, ఓపిగ్గా కూర్చోవడం. కూర్చోవడంలో ఇప్పుడు తనని మించినవాళ్ళు ఆ ఫ్యాక్టరీలో లేరని ఆమె వాదన. ఆ బల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళాలన్నదే ఆమె కోరిక.

ఒక బుధవారం వితూన్ ఫోన్ చేశాడు. "నొయ్నా, రేపు పనికి రావాలమ్మా."

"నిజంగానా అన్నా?"

"ఒక్క రోజే. బ్యాంకాక్ యూనివర్సిటీ నుంచి ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పే ఆచాన్ గారు వస్తున్నారు. వికలాంగులకి ఉద్యోగాల మీద పరిశోధనట. బండి పంపిస్తాలే. నవ్వుతూ కూర్చో, చాలు."

నొయ్నా పాత యూనిఫాం తీసి రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

మర్నాడు బల్ల మీద కొత్త పూలకుండీ ఉంది, పక్కన కర్ర ఉంది. ఆచాన్ నలినీరత్ నెమ్మదస్తురాలు. నలభై ప్రశ్నలు తెచ్చుకుంది. కానీ ఆమె మనసు దోచుకున్నది నొయ్నా కాదు, ఆఫీసువాళ్ళు అందించిన హాజరు పట్టీ.

"మూడేళ్ళలో ఒక్క సెలవు కూడా లేదే," అంది కళ్ళు పెద్దవి చేసి. "కొత్త సంవత్సరం, సోంక్రాన్ పండక్కి కూడా వచ్చారు. ఆ రోజు ఫ్యాక్టరీ మూసి ఉంటుంది కదమ్మా?"

వెనక నిలబడ్డ వితూన్ నుదుటి మీద చెమట పట్టింది. బయటివాళ్ళ ముందు పెద్దవాళ్ళ పరువు తీయడం ఆ ఊళ్ళో అబద్ధం కంటే పెద్ద తప్పు. నొయ్నా కూడా ఆ ఊరి పిల్లే.

"ఆ రోజైతే ప్రశాంతంగా ఉంటుందని వచ్చానండీ," అంది.

ఆచాన్ గబగబా రాసుకుంది. పనిలో ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగింది. ఏమీ లేవంది నొయ్నా. పనే లేనిచోట ఇబ్బందులెక్కణ్ణుంచి వస్తాయి?

ఇంతలో ఆమె చెయ్యి ఊరుకోలేదు. డబ్బా తర్వాత డబ్బా ఖంగుఖంగుమంది. ఒకటి మాత్రం మూత బిగియనట్టు బొంగురుగా పలికింది. దాన్ని పక్కన పెట్టింది. మధ్యాహ్నానికి అలాంటివి పదకొండు తేలాయి.

"చాల్లేమ్మా, ఆచాన్ చూస్తున్నారు," అని గొణిగాడు వితూన్.

"చూడనివ్వండన్నా. అందుకేగా వచ్చారు."

ఆచాన్ ఆ డబ్బాలకేసి చూడనే లేదు. ఆమె ప్రశ్నల్లో డబ్బాలు లేవు.

రెండు నెలలకి పరిశోధన అచ్చయింది. వికలాంగులకి పని మీద ఉన్న భక్తి మామూలుది కాదనీ, పండగనాడు కూడా మానరనీ అందులో పట్టికలతో సహా నిరూపించారు. ఫ్యాక్టరీకి జ్ఞాపిక వచ్చింది. వితూన్ సంతోషం పట్టలేక ఫోన్ చేశాడు.

"ఇక నేను రోజూ రానా అన్నా?" అంది నొయ్నా.

"ఎందుకమ్మా? నువ్వు రాకుండానే ఇంత పేరొచ్చింది."

ఫోన్ పెట్టేసి నొయ్నా ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే యూనిఫాం వేసుకుని, మూడు చక్రాల బండి మాట్లాడుకుని, ఫ్యాక్టరీ గేటు ముందు చక్రాల కుర్చీతో సహా దిగింది.

కాపలాదారు ఛోమ్ రిజిస్టరు తిరగేసి తల అడ్డంగా ఊపాడు. "కుదరదమ్మా."

"నా పేరు లేదా బాబాయ్?"

"ఉంది. అదే చిక్కు. నువ్వు ఏడింటికే లోపలికెళ్ళినట్టు రాసేశారు. లోపలున్న మనిషిని మళ్ళీ లోపలికి పంపితే నా ఉద్యోగం ఊడుద్ది. ఆ జ్ఞాపిక వచ్చిన కాణ్ణుంచీ రిజిస్టరంటే ఆఫీసోళ్ళకి ప్రాణం."

"అయితే లోపలున్న నన్ను కాస్త బయటికి పిలు. మూడేళ్ళుగా నా చోట్లో కూర్చుంది. లెమ్మని చెప్పాలి."

ఛోమ్ బుర్ర గోక్కున్నాడు. ఆరేళ్ళపాటు ఆ గేటులోంచి నడిచి వెళ్ళిన పిల్లని అతను మర్చిపోలేదు.

"ఆ మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదమ్మా, గుర్తుపట్టలేను. నువ్వే ఎల్లి ఎతుక్కో," అని గేటు తీశాడు.

బల్ల మీద పూలకుండీ ఎండిపోయి ఉంది. నొయ్నా దాన్ని కింద పెట్టి కర్ర అందుకుంది. కబురు తెలిసి వితూన్ పరుగున వచ్చేసరికి ఏడు డబ్బాలు పక్కకి చేరాయి.

"నిన్నెవరు రమ్మన్నారమ్మా?"

నొయ్నా ఎనిమిదో డబ్బా తట్టి, చెవి దగ్గర పెట్టుకుంది.

"నేను రోజూ వస్తూనే ఉన్నాగా అన్నా," అంది. "సోంక్రాన్‌కి కూడా."