ఆరు వారాల రెండు రోజులు

ఆ శనివారం పొద్దున ఎన్నూరు పక్క ఆకాశం బూడిద రంగులో ఉబ్బి ఉంది. మబ్బో, పొగగొట్టాల పొగో తేలలేదు. వాన వచ్చేటట్టూ లేదు, ఎండ కాసేటట్టూ లేదు. గుమ్మిడిపూండిలో ఎక్కిన రైలు దిగి, తొండియార్‌పేటలో మా వియ్యపురాలు అలమేలు ఇంటికి చేరేసరికి ఎనిమిదయింది. ముందురోజు రాత్రి ఆమె ఫోన్ చేసి ఒకటే మాట అంది: "వచ్చి నీ కూతుర్ని తీసకపో."

గుమ్మంలోనే బట్టల సంచి. దాని పక్కన నేల మీద మా ఆశ. ఏడ్చి ఏడ్చి ఆపేసిన ముఖం. అల్లుడు శివరామ్ కిటికీ దగ్గర నిలబడి వేలి కణుపులు లెక్కపెడుతున్నాడు.

"ఏందమ్మా జరిగింది?"

అలమేలు ఒక కాగితం నా చేతిలో పెట్టింది. "నిన్న స్కాన్ తీసినారు. ఆరు వారాల రెండు రోజుల కడుపంట. అంటే నలభై నాలుగు రోజులు. నా కొడుకు పారాదీప్ నుంచి దిగింది సెప్టెంబరు ఒకటో తేదీ. నిన్నటికి ముప్పై రెండు. ఆ పైన పన్నెండు రోజులు ఎవురివి, అన్నా? నువ్వే చెప్పు."

శివరామ్ అక్కడి హార్బరులో ఐదు నెలలు క్రేన్ నడిపి వచ్చాడు. మధ్యలో ఒక్కసారి కూడా రాలేదు.

"నువ్వేమంటావు అల్లుడూ?"

"నేననేదేముంది మామా. మిషన్ అబద్ధం చెప్తుందా?"

"నీ నోరు కూడా మిషన్‌కే ఇచ్చేసినావా?"

వాడు మళ్లీ కణుపుల్లో పడ్డాడు.

ఆశ తలెత్తింది. "చెప్పాల్సింది చెప్పినా నాయనా. ఇంక ఎవురికీ చెప్పను."

"స్కాన్ తీసిన చోటుకి పోదాం. నువ్వూ రా" అన్నాను శివరామ్‌తో. వాడు వాళ్లమ్మ ముఖం చూశాడు. "అమ్మ ఒక్కతే ఉంటుంది మామా" అన్నాడు. ఐదు నెలలు వాళ్లమ్మ ఎవరితో ఉందో అడుగుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

షేర్ ఆటోలో వాషర్‌మెన్‌పేట్ దాకా పోయాం. దిగేముందు ఆశ అంది: "గుండె కొట్టుకునేది చూసినా నాయనా. టీవీలో చిన్న చుక్క, మినుకు మినుకుమంటాంది. ఆయన్ని లోపలికి రమ్మంటే టీకి పోయినాడు."

కౌంటర్‌లో కలైవాణి అనే నర్సు ఉంది. "టోకెన్ తీసుకోండి తాతా."

"ఒక్క మాటే తల్లీ."

"ఒక్క మాటకైనా టోకెనే."

గంటంబావు కూర్చున్నాం. మా వంతు వచ్చాక కాగితం చూపించి పన్నెండు రోజుల సంగతి అడిగాను. ఆమె నుదురు కొట్టుకుంది.

"అయ్యో కడవుళే, దేవుడా! వారానికి ఇద్దరు వస్తారు ఇదే గొడవతో. బిడ్డ కడుపులో ఏ రోజు పడిందో ఎవరు చూశారు? ఆడమనిషికి గుర్తుండేది ముట్టయిన తేదీ. అందుకని ఆ మొదటి రోజు నుంచే లెక్క రాస్తాం. మొదటి రెండు వారాలు లోపల ఎవరూ ఉండరు. కాగితంలో ఆరు వారాలుంటే బిడ్డ వయసు నాలుగు వారాలు, అంతే."

"నాలుగు వారాలకే గుండా?"

"అదే తాతా ముందు మొదలయ్యేది. పడిన వారం దాకా బిడ్డ ఎక్కడా అంటుకోదు, దొర్లుకుంటూ వస్తుంది. తర్వాతే గర్భసంచిలో పాతుకుంటుంది. ఇప్పుడు కందిపప్పు బద్దంత. చేతులూ కాళ్లూ ఇంకా మొగ్గలే. గుండె మాత్రం పనిలోకి దిగేసింది."

"ఈ మాట నిన్ననే చెప్పుంటే..."

"నిన్న ఎవరు అడిగారు? నెక్స్ట్!"

బయటికొచ్చాక నాకు నా మీదే కోపం వచ్చింది. ముప్పై ఏళ్లుగా కోళ్లను పొదగేస్తున్నాను. గుడ్డు పెట్టిన రోజు వేరు, పొదగేసిన రోజు వేరు. వారం పాటు బుట్టలో దాచిన గుడ్డులో పిల్ల వారం పెరగదు. పొదగేసిన ఐదోనాడు టార్చి వెలుగులో పెడితే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి, మధ్యలో చుక్క ఆడుతుంది. అంతా తెలిసిన నాకు ఆటోలో ఒక్కసారి కూడా తట్టలేదే.

ఇంటికొచ్చి అదంతా చెప్పాను. అలమేలు చివరిదాకా విని, "నా కోడల్ని కోడితో పోలుస్తావా?" అంది.

"రాత్రి నుంచీ నువ్వు పోల్చిందానికంటే కోడి నయమేలే."

ఆమె నోరు తెరిచేలోపు అడిగాను: "ఆశ దూరంగా కూర్చున్నది ఎప్పుడమ్మా?"

ఆ ఇంట్లో ఆ మూడు రోజులూ వెనక వరండాలో వేరే చాప, వేరే పళ్లెం. వేళకు అన్నం పెట్టేది అలమేలే. తడుముకోకుండా చెప్పింది. "వినాయక చవితికి సరిగ్గా వారం ముందు, బుధవారం. ఆగస్టు ఇరవై. శనివారం తలకి పోసుకునింది. పండక్కి కుడుములు చేసేదానికి మనిషి కలిసొచ్చిందిలే అనుకున్నా."

"ఆడ్నించి నిన్నటికి లెక్కపెట్టు."

పెట్టింది. ఆగస్టులో పన్నెండు. సెప్టెంబరు ముప్పై. అక్టోబరులో రెండు. నలభై నాలుగు దగ్గర వేలు ఆగిపోయింది.

"నీ పన్నెండు రోజులు ఈ ఆగస్టువే. అప్పుడు లోపల ఎవురూ లేరు. అందులో మూడు రోజులు దానికి చాప వేసింది నువ్వే. ఇదిగో, కాగితం పైన కూడా ముట్టయిన తేదీ ఆగస్టు ఇరవై అనే ఉంది. ఇంతమంది కింద అంకె చూసినారే గానీ పైన ఒక్కరూ చూడలే. నాతో కలిపి."

"డాక్టరమ్మ ముందే చెప్పుండాల" అంటూ అలమేలు వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు ఎక్కువయింది.

శివరామ్ గొంతు సవరించుకున్నాడు. "నాకు అనుమానం కాదు మామా. లెక్క కుదరలేదు, అంతే."

"కుదరకపోతే పెళ్లాన్ని అడగాల" అంది ఆశ. "వేళ్లని కాదు."

వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వస్తావా పాపా, ఉంటావా? నీ ఇష్టం" అన్నాను.

ఆశ వీధిలోకి చూసింది. "ఆకలేస్తాంది నాయనా. ముందు తిందాం. పోయేదీ ఉండేదీ సాయంత్రం చెప్తా."

అలమేలు అన్నం, సాంబారు, అరటికాయ పొరియల్ తెచ్చి హాల్లో పెట్టింది. అందరూ తిన్నాకే తినే మనిషి, ఆ రోజు తనకూ కంచం పెట్టుకుంది. ఆశ మొగుడి పక్కన కాకుండా నా పక్కన కూర్చుంది. అలమేలు అడగకుండానే దాని అన్నంలో రెండు గరిటెల నెయ్యి వేసింది. ఆశ వద్దనలేదు, తలెత్తి చూడనూ లేదు. నలుగురం కంచాల్లోకే చూస్తూ తిన్నాం.